రామచిలకకు కేసు, రాకాసి చేపకు క్యారీబ్యాగు

వరంగల్, హన్మకొండల్లో ఏ పెట్ షాపు ముందైనా కాసేపు నిలబడి చూడండి. బయట పంజరాల్లో లవ్ బర్డ్స్, కాక్‌టెయిల్స్ అరుస్తుంటాయి. లోపల ఏసీ ఉన్న వైపు సన్ కాన్యూర్ అనే విదేశీ చిలకల జంట ఉంటుంది, ధర అడిగితే వేలల్లో చెబుతారు. గాజు తొట్టెల్లో రంగురంగుల చేపల వెనక అద్దానికి నోటితో అతుక్కుని ఒక నల్ల మచ్చల చేప. కౌంటర్ మీద ప్లాస్టిక్ డబ్బాలో రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దగా ఉన్న పచ్చ తాబేలు పిల్లలు, కంటి వెనక ఎర్రటి పట్టీతో. లవ్ బర్డ్స్, కాక్‌టెయిల్స్ పుట్టిల్లు ఆస్ట్రేలియా. కాన్యూర్‌దీ, ఆ నల్ల చేపదీ దక్షిణ అమెరికా. తాబేలుది అమెరికాలో మిసిసిపి నది ప్రాంతం. అన్నీ పట్టపగలు, బోర్డు పెట్టి అమ్ముతారు.

అదే షాపులో పాకాల అడవి అంచున చెట్టు తొర్రలోంచి తీసిన ఒక్క రామచిలక పిల్లను పెడితే నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా. అమ్మినవాడికే కాదు, కొని వసారాలో వేలాడదీసుకున్న ముసలమ్మకు కూడా.

చిలకకు సడలింపు ఇవ్వమని నేను అడగడం లేదు, ముందే చెప్పేస్తున్నాను. మన దేశపు పక్షుల వ్యాపారాన్ని 1990-91లో పూర్తిగా ఆపేశారంటే దానికి కారణం ఉంది. కళ్ళు కూడా సరిగ్గా తెరవని పిల్లల్ని గూళ్ళలోంచి లాగి, బుట్టల్లో కుక్కి, రైళ్ళలో, బస్సుల్లో తరలిస్తారు. చాలావరకు దారిలోనే చస్తాయి. పంజరం దాకా వచ్చిన ఒక్క చిలక వెనక ఎన్ని పోయాయో లెక్క ఉండదు. కాబట్టి ఆ నిషేధం ఉండాల్సిందే. నా తగాదా అంతా మిగతా షాపుతో. అద్దం అవతల ఉన్నవాటిని ఏ కొలతతో వదిలేశారన్నదే నా ప్రశ్న.

ఐనవోలు జాతరలోనో, మేడారం దారిలోనో చిలక జోస్యం చెప్పేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు, కానీ తగ్గిపోయారు. అటవీశాఖ వాళ్ళ బండి కనబడితే పంజరం మీద తువాలు కప్పేస్తారు. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు తమిళనాడులోని కడలూరులో ఒక అభ్యర్థి గెలుస్తాడని చిలక చేత కార్డు తీయించిన జోస్యుడు వార్తలకెక్కాడు. అటవీశాఖ వెంటనే వచ్చి అతన్ని అదుపులోకి తీసుకుంది, చిలకల్ని స్వాధీనం చేసుకుంది. చట్ట ప్రకారం చేసిన పనే, తప్పుపట్టలేం. కానీ అదే చట్టం లక్ష పైన ధర పలికే మకావ్ అనే పెద్ద విదేశీ చిలకను హాల్లో పెట్టుకున్న ఇంటికి వెళ్ళినప్పుడు ఎంత మర్యాదగా మాట్లాడుతుందో కూడా చూడాలి.

2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సూచన జారీ చేసింది. విదేశీ జాతుల జంతువులు, పక్షులు మీ దగ్గర ఉంటే ఆరు నెలల్లో స్వచ్ఛందంగా ప్రకటించండి, ఎక్కడినుంచి తెచ్చారో కాగితాలు అడగం అని. స్మగ్లింగ్‌లో వచ్చినదైనా సరే, ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపితే సరిపోయేది. దేశమంతటా వేల మంది ప్రకటించారు. ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. వెయ్యి రూపాయల ఫీజు కట్టి కేంద్రం వారి పరివేశ్ అనే వెబ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా చెప్పాలి. మంచి నియమాలే, అసలేమీ లేనిదానికన్నా చాలా నయం. అయితే ఆ 2020 నాటి గడువు మాత్రం జోస్యం చెప్పే అతనికి వర్తించలేదు. అతని చిలక విదేశీది కాదు కదా.

అసలు ఈ నమోదు వెనక ఉన్న జాబితా ఎక్కడిదో చూస్తే ఇంకో వింత బయటపడుతుంది. అది సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలోనిది. మన దేశం అందులో 1976 నుంచి ఉంది. సైటిస్ అడిగే ప్రశ్న ఒక్కటే: దేశాల మధ్య జరిగే వ్యాపారం వల్ల ఈ జాతికి ముప్పు ఉందా? చిలక జాతులన్నీ దాదాపుగా ఆ జాబితాల్లో ఉన్నాయి. నాలుగింటిని మాత్రం వదిలేశారు. మనం లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీలు ఒకటి, కాక్‌టెయిల్ ఒకటి, ఆఫ్రికాకు చెందిన అసలు లవ్ బర్డ్స్‌లో ఒక రకం, నాలుగోది మన రామచిలక! పంజరాల్లోంచి తప్పించుకున్న రామచిలకలు లండన్ పార్కుల్లో గుంపులు కట్టి తిరుగుతున్నాయి. అక్కడ దాన్ని ఇంట్లో పెంచుకోవచ్చు, ఇక్కడ కుదరదు. ఇక్కడ కాన్యూర్‌ను పెంచుకోవచ్చు, అది పుట్టిన అడవుల్లో మాత్రం పంజరాల కోసం పట్టీపట్టీ దాన్ని అంతరించే స్థితికి తెచ్చారు. ఎవరి ఇంటి పిట్టను వాళ్ళు కాపాడుకుంటూ పక్కింటి పిట్టకు రేటు కట్టడం అన్నమాట.

సరే, సైటిస్ ప్రశ్న మంచిదే. కానీ వరంగల్‌లో కూర్చున్నవాడికి కావాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఇది తొట్టెలోంచి బయటపడితే మా చెరువు ఏమవుతుంది? కాన్యూర్ కిటికీలోంచి ఎగిరిపోతే మహా అయితే సాయంత్రానికి కాకుల పాలవుతుంది. పాపం దానికే నష్టం, ఊరికి ఏమీ కాదు. దానికి రిజిస్ట్రేషన్ ఉంది. ఊరికి నష్టం చేసేదానికి మాత్రం ఒక క్యారీబ్యాగు, రెండు రబ్బరు బ్యాండ్లు చాలు.

ఆ నల్ల మచ్చల చేప సంగతే తీసుకోండి. షాపుల్లో దాన్ని ప్లెకో అంటారు, ట్యాంక్ క్లీనర్ అని అమ్ముతారు. "ఇది తొట్టె కడుగుతది సార్, పాకురు మొత్తం తింటది" అని షాపతను చెప్తాడు. నిజమే, తింటుంది. దానితోపాటు పెరుగుతుంది కూడా. వేలెడంత ఉన్నది అడుగు దాటుతుంది. తొట్టె పట్టదు. చంపడానికి చేతులు రావు, జీవహింస కదా. తీసుకెళ్ళి వడ్డేపల్లి చెరువులోనో భద్రకాళి చెరువులోనో వదిలేస్తే పీడా పోతుంది, పుణ్యమూ వస్తుంది. అలా వదిలేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళకు షాపులో ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే.

చెరువులో పడ్డాక దాని అసలు సామర్థ్యం బయటపడుతుంది. ఒంటి నిండా కవచం లాంటి పొలుసు, రెక్కలకు గట్టి ముళ్ళు. కొర్రమీను కూడా దాన్ని మింగలేదు. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. వలలో పడితే వల చింపుకుని పోతుంది, పోకపోతే దాన్ని విడిపించడానికి జాలరి గంట కూర్చోవాలి. మార్కెట్‌లో దాన్ని కొనేవాడు లేడు. రాకాసి చేప, దెయ్యం చేప అని పేర్లు పెట్టింది వలలు పోగొట్టుకున్నవాళ్ళే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు నీళ్ళలో కలిసే డీఎన్ఏ ఆనవాళ్ళను బట్టి ఈ చేప ఏ చెరువులో ఉందో కనిపెట్టే పద్ధతిని తయారుచేశారు. తూర్పు కనుమల నీటివనరుల్లో చాలాచోట్ల ఇది చేరిపోయిందని వాళ్ళు తేల్చారు.

మన ప్రాంతానికి ఇందులో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ చేప గుడ్లు పెట్టేందుకు ఒడ్డును తొలుస్తుంది. మట్టి గట్టులో లోపలికి సొరంగంలా తవ్వుకుంటుంది. ఫ్లోరిడా, టెక్సాస్, మెక్సికోల్లో కాలువల ఒడ్లు ఇలాగే కూలాయి. ఇక మన చెరువులన్నీ మట్టికట్టలవే కదా. కాకతీయుల కాలం నుంచి ఈ నేల మీద వ్యవసాయం నిలబడిందే గొలుసుకట్టు చెరువుల మీద. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. నీటికి మన పెద్దలు వేసిన ఆ దారే చేపకూ దారి. హన్మకొండలో ఒక ఇంటి తొట్టెలోంచి బయలుదేరిన చేప రెండు మూడు వానాకాలాల్లో ఏ ఊరి చెరువులో తేలుతుందో ఎవరు చెప్పగలరు? 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ వారంలోనే భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. గండికి చేపలు కారణమని నేననడం లేదు, దయచేసి అలా షేర్ చేయకండి. అంత నీళ్ళు ఒకచోటినుంచి ఇంకోచోటికి పోయినప్పుడు వాటితోపాటు ఏమేం పోయాయో ఎవరూ చూడలేదు అంటున్నాను. మిషన్ కాకతీయ కింద కట్టల మీద కోట్లు పోశాం. ఆ కట్టల్ని తొలిచే చేపను పక్క వీధిలో వంద రూపాయలకు అమ్ముతున్నాం.

చట్టంలో దీనికి దారి లేదా అంటే, ఉంది. 2022 సవరణలో 62ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. మన వన్యప్రాణులకు, వాటి ఆవాసాలకు ముప్పు తెచ్చే విదేశీ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, చివరికి వాటిని దగ్గర ఉంచుకోవడాన్ని కూడా కేంద్రం నియంత్రించవచ్చు, నిషేధించవచ్చు. అధికారం చేతిలో ఉంది. మా ఊరి అక్వేరియం షాపుల్లో మాత్రం దాని నీడ కూడా నాకు కనబడలేదు.

ఎర్రచెవుల తాబేలుదీ ఇదే కథ, కాస్త వాస్తు కలిపితే చాలు. ఇంట్లో తాబేలుంటే లక్ష్మి నిలుస్తుందని కొనేవాళ్ళు ఎక్కువ. మన నీటి తాబేలును పట్టి ఇంట్లో పెట్టుకుంటే జైలు, అది వన్యప్రాణి చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లోని జీవి. నక్షత్ర తాబేలు సంగతి చెప్పనే అక్కర్లేదు, 2019లో సైటిస్‌లోనూ దాన్ని అన్నిటికన్నా కఠినమైన జాబితాకు ఎక్కించారు. కాబట్టి లక్ష్మీదేవి అమెరికా నుంచి రావాల్సి వచ్చింది. ఈ పిల్ల తాబేలు ముప్పై ఏళ్ళు బతకగలదు, పళ్ళెమంత అవుతుంది, కరుస్తుంది, నీళ్ళు కంపు కొడతాయి. యూరోపియన్ యూనియన్ దీని దిగుమతిని 1997లోనే ఆపేసింది. అమెరికాలో 1975 నుంచి నాలుగంగుళాల లోపు తాబేలు పిల్లల్ని పెంపకానికి అమ్మకూడదు, పిల్లలకు సాల్మొనెల్లా జబ్బు అంటుతోందని. అంటే దాని సొంత దేశంలో అమ్మడానికి వీల్లేని సైజులో అది మన కౌంటర్ మీద కూర్చుంది. కేరళలో అటవీ పరిశోధన సంస్థ వాళ్ళు, వీటిని చెరువుల్లో వదలకండి, మాకు తెచ్చివ్వండి అని జనానికి పిలుపిచ్చారు. వరంగల్‌లో ఒక మనిషి పెరిగిపోయిన తాబేలును వదిలించుకోవాలనుకుంటే ఎక్కడికెళ్ళాలి? కొన్న షాపు వెనక్కి తీసుకోదు. చివరికి గుడి కోనేరే దిక్కు.

ఇంతవరకూ షాపులవాళ్ళనీ కొనేవాళ్ళనీ అన్నాను. సర్కారు వారి సంగతి కూడా చూడాలి.

ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ నిపుణులు 2000 ప్రాంతంలో ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసిన 100 చొరబాటు జాతుల జాబితా ఒకటి తయారుచేశారు. ఎర్రచెవుల తాబేలు అందులో ఉంది. మనం బంగారుతీగ అని పిలుచుకునే కామన్ కార్ప్ కూడా ఉంది. అడుగు మట్టిని కెలికి నీటిని బురద చేయడం, మొక్కల్ని పెకలించడం దాని స్వభావం. 1957లో బ్యాంకాక్ నుంచి తెచ్చిన రకమే దేశమంతా పాకింది. తెలంగాణలో 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీలో బొచ్చె, రోహులతో పాటు చెరువుల్లో వదిలే చేపల్లో ఇదీ ఒకటి. మంత్రులు, ఎమ్మెల్యేలు చెరువు గట్టున నిలబడి, పూలు చల్లి, ఫొటోలు దిగి వదులుతారు. అదే జాబితాలో గంబూసియా అనే చిన్న చేప ఉంది. దోమల లార్వాలను తింటుందని 1928లో ఇటలీ నుంచి తెచ్చారు. ఇప్పటికీ వానాకాలం రాగానే మున్సిపాలిటీలు డబ్బాల కొద్దీ వదులుతుంటాయి. దోమ పిల్లలతోపాటు మన చిన్న చేపల గుడ్లను, కప్ప పిల్లలను కూడా తినేస్తుంది, అది ఆ ఫొటోల్లో కనబడదు.

మరోపక్క ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను 2000లో కేంద్రం నిషేధించింది. ఊరి చివర గుంత తవ్వి, కోళ్ళ వ్యర్థాలు వేసి పెంచుతున్న వాళ్ళను పట్టుకుని, టన్నుల కొద్దీ చేపల్ని పాతిపెట్టిన వార్తలు మనం చదువుతూనే ఉంటాం. ఆ నిషేధంతో నాకు ఇబ్బంది లేదు, దొరికిందల్లా మింగే చేప అది. కానీ విదేశీ చేప విషయంలో ఒకరి గుంతకు పొక్లెయిన్, ఇంకొకరి టెండర్‌కు బిల్లు అంటే, ఆ తేడాకు కారణం ఏదో ఒకచోట రాసిపెట్టి ఉండాలి కదా. ఏ చెరువులో ఏది వదలొచ్చు, ఎందుకు, వదిలాక అక్కడి పాత చేపలు ఏమయ్యాయి, ఎవరైనా చూశారా?

ఈము పక్షులు గుర్తున్నాయా? ఆస్ట్రేలియా పక్షి. 2000 తర్వాత ఊరూరా షెడ్లు లేచాయి. నూనెకు గిరాకీ, మాంసానికి గిరాకీ, గుడ్డు ధర వెయ్యి అని చెప్పారు, బ్యాంకులు అప్పులిచ్చాయి. తినేవాడు ఎవరో, కొనేవాడు ఎవరో ఎవరూ అడగలేదు. పక్షుల్ని పెంచేవాడు పిల్లల్ని ఇంకో పెంచేవాడికి అమ్మడమే వ్యాపారమంతా. 2012 ప్రాంతంలో అంతా కూలిపోయింది. దాణాకు డబ్బులేక కొందరు రైతులు వాటిని వదిలేశారు, కొన్ని షెడ్లలోనే ఎండిపోయాయి. ఒక చిలక రెక్క కత్తిరిస్తే కేసు పెట్టగల వ్యవస్థ, వేల ఈముల చావును మార్కెట్ నష్టం కింద రాసుకుంది.

విదేశీది అన్న ఒక్క కారణానికి దేన్నయినా తరిమేయాలనే మాట కూడా నాకు నచ్చదు. మన గోరింక కూడా ఆ 100 జాతుల జాబితాలో ఉంది. పురుగుల్ని తింటుందని 1862లో మెల్‌బోర్న్‌కు తీసుకెళ్ళారు, ఇప్పుడు అక్కడ దాన్ని బోనులు పెట్టి పడుతున్నారు. పెంపుడు పిల్లి కూడా ఆ జాబితాలోదే. దాని జోలికి వెళ్తే ఈ వ్యాసం కింద నన్ను చీల్చి చెండాడతారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

పక్షులు పెంచే మిత్రులు నాతో వాదిస్తారు. మావి పంజరంలోనే పుట్టినవి, తరాల నుంచి అడవి ఎరగవు, మమ్మల్ని దొంగల్లా చూడొద్దు అని. వాళ్ళన్నదాంట్లో నిజం ఉంది. రింగు వేసి, పుట్టుక నమోదు చేసి, శ్రద్ధగా పెంచేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకు కాగితాల భారం పెంచి, కింద డబ్బాల్లో తాబేళ్ళు అమ్మేవాణ్ణి వదిలేయడం అన్యాయమే. అయితే జంతువు పడే బాధ అనే లెక్క కూడా ఒకటుంది, అది ఏ పోర్టల్‌లోనూ అడగరు. మంచులో పుట్టిన సైబీరియన్ హస్కీని మే నెలలో రామగుండంలో రెండో అంతస్తులో కట్టేస్తారు. దానికి అనుమతి అడిగేవాడు లేడు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కలు ప్రమాదకరమని, వాటి పెంపకాన్ని ఆపమని రాష్ట్రాలకు లేఖ రాస్తే, అందరి మాటా వినకుండా ఇచ్చారంటూ ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గొడవంతా కుక్క మనిషిని కరుస్తుందా అన్నదాని మీదే. ఆ ఎండలో కుక్క ఎలా బతుకుతుందన్నది ఎవరి లేఖలోనూ లేదు.

స్వదేశీ జీవులకైనా చట్టం అందరి దగ్గరా ఒకేలా ఉందా అంటే, దసరా రోజు చూడండి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. జమ్మి పెట్టాక పాలపిట్టను చూస్తే శుభమని పొలాల వైపు నడిచేవాళ్ళం. ఇప్పుడు కొన్నిచోట్ల పిట్టే గుమ్మం దగ్గరికి వస్తోంది, కాళ్ళకు దారం కట్టి, పంజరంలో. చూపిస్తే యాభయ్యో వందో. అటవీశాఖ అప్పుడప్పుడు దాడులు చేసి విడిపిస్తుంది, కాదనను. కానీ డబ్బులిచ్చి దండం పెట్టుకున్న మా కాలనీవాళ్ళ మీద ఎప్పుడూ కేసు రాలేదు, పంజరం మోసినవాడే దొరుకుతాడు.

నేనడిగేది పెద్ద చట్టం కాదు. కొత్త సెక్షన్లు అక్కర్లేదు, 62ఏ చాలు. మన నీళ్ళలో బతికి పిల్లలు పెట్టగల జాతి ఏదైనా సరే, షాపులో అమ్మేముందు, సర్కారు చెరువులో వదిలేముందు ఒకే పరీక్ష పెట్టండి. ప్లెకోలు, ఎర్రచెవుల తాబేళ్ళ అమ్మకం ఆపండి. ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి 2020లో మకావ్‌ల యజమానులకు ఇచ్చినట్టే గడువివ్వండి, తెచ్చి అప్పగించడానికి జిల్లాకో చోటు చూపించండి. అమ్మిన షాపు వెనక్కి తీసుకోవాలన్న షరతు పెట్టండి. చేపపిల్లల టెండర్ వేసే మత్స్యశాఖ కూడా ఆ పరీక్ష రాయాలి.

చివరి ముక్క దగ్గరే చిక్కు ఉంది. పరకాల వైపు ఒక మత్స్య సహకార సంఘం పెద్దమనిషితో ఈ మాటే అన్నాను. ఆయన బీడీ ఆర్పి, "బంగారుతీగ బందు పెడితే ఏమిస్తరు మరి? కొర్రమీను పిల్ల మస్తు పిరం, దొరకదు కూడా. దొరికినా అది మిగతా చేపల్ని తింటది. బొచ్చె, రోహు పెరగాలంటే ఏడాదంత నీళ్ళుండాలె. మా చెరువుల నీళ్ళు ఫిబ్రవరి దాటుతయా? బంగారుతీగ ఆరు నెల్లల్ల చేతికొస్తది" అన్నాడు. నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. తక్కువ నీళ్ళలో, తక్కువ కాలంలో పెరిగే మన చేపల విత్తనం సర్కారు కేంద్రాల్లో తయారైతే తప్ప ఆయన్ని ఒప్పించలేను. ఆ విత్తనం మీద పెట్టే ఖర్చును, గంబూసియా డబ్బాల మీద, వదిలే రోజు షామియానాల మీద పెట్టే ఖర్చును పక్కపక్కన చూపించమని మాత్రం సమాచార హక్కు కింద అడగబోతున్నాను.